ఎర్ర వైరు

"కొత్తది పెట్టెయ్యండి," అంది ఆవిడ.

"అక్కర్లేదు. పాతదే బాగుచేసుకుంటాం," అన్నాడు ఆవిడ భర్త.

కారు ఎలక్ట్రీషియన్ చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది. వాళ్ళు అతని షెడ్డుకి వచ్చింది హారన్ మోగడం లేదని. డాష్‌బోర్డులో స్టీరియో కూడా చచ్చిపడి ఉండటం చూసి, ఊరుకోలేక, "దీని సంగతేమిటి సార్?" అన్నాడు. అంతే.

"క్యాసెట్ల కాలం నాటిదండీ అది. ఇప్పుడు క్యాసెట్లు ఎవరి దగ్గరున్నాయి?" అంది ఆవిడ.

"రేడియో కూడా ఉందిగా అందులో."

"ఉండి ఏం లాభం? మూగనోము పట్టి కూర్చుంది."

"బాగుచేస్తానన్నానుగా."

"చూశారా?" అని ఆవిడ ఎలక్ట్రీషియన్ వైపు తిరిగింది. "నేనే విప్పుతాను, నేనే చూస్తాను అని ప్రతి ఆదివారం ఇదే మాట. పోనీ, ఈ ఆదివారమైనా నిజంగా విప్పుతారా?"

"విప్పుతాను."

"మీరిద్దరూ ఇలా మాట్లాడుకుంటూ వెళ్తే జనమే పక్కకి తప్పుకుంటారు. ఇంక హారన్ దేనికి సార్?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

ఎవరూ నవ్వలేదు. అతను మళ్ళీ పనిమాటలోకి వచ్చాడు.

"పాతదానికి సామాను దొరకదు సార్. కొత్తదైతే మీరు టీ తాగి వచ్చేలోపు బిగించేస్తాను."

"దొరికేదాకా ఆగుతాను."

"ఎన్నేళ్ళైనా?"

"ఎన్నేళ్ళైనా."

ఆ మాట అంటూ ఆయన చొక్కా ముంజేతి గుండీని వేలితో తిప్పుకుంటున్నాడు. పొద్దున్న సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఆవిడ కుట్టిన గుండీ అది. ఆవిడ కుట్టుపని నేర్పే టీచరు. హ్యాండ్‌బ్యాగులో సూదీ దారం, చిన్న కత్తెర లేకుండా గడప దాటదు. తెల్లదారం అయిపోయిందని తెల్లచొక్కాకి ఊదారంగు దారం వేసింది. బాగోదేమో అంటే, "మీ చేతి గుండీ వంక ఎవరు చూస్తారు, నేను తప్ప?" అంది.

"మేడమ్ చెప్పినట్టు వినండి సార్. కొత్తదే మంచిది."

"నేను చెప్పి ఏం లాభం? ఈయన ఒప్పుకోరు. నాకు తెలుసు," అంది ఆవిడ, ధీమాగా.

"పోనీ, ఓసారి ఊడదీసి చూడనా? చిన్న లోపమే అయితే..."

"వద్దు!" అన్నాడాయన.

"ఊడదీయడం దేనికి?" అంది ఆవిడ, అదే క్షణంలో.

షెడ్డులోకి వచ్చాక ఇద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. ఇంతలో ఆవిడ ఫోను మోగింది. మాట్లాడుకుంటూ బయట నీడలోకి వెళ్ళింది.

హారన్ వైరు వెతకడానికి డాష్‌బోర్డు కింద దూరిన ఎలక్ట్రీషియన్ కాసేపటికి చెయ్యి మాత్రం బయటికి పెట్టి పిలిచాడు.

"సార్, ఇలా వంగి చూడండి. ఈ ఎర్ర వైరే స్టీరియోకి కరెంటు తెచ్చేది. దానంతటది తెగింది కాదు. ఎవరో బ్లేడుతో కోశారు."

ఆయన వంగలేదు. బయట ఫోనులో మాట్లాడుతున్న భార్య వైపు ఒకసారి చూశాడు.

"తెలుసు. నేనే కోశాను."

"మీరా! ఎందుకు సార్?"

ఆయన మాటలు, లోపల చాలాసార్లు చెప్పుకున్నవాటిలా, తడబాటు లేకుండా వచ్చాయి.

"రోజూ ఇద్దరం కలిసే ఉద్యోగాలకి వెళ్తాం, కలిసే వస్తాం. ఇది మోగినంతకాలం ఆవిడ అటు కిటికీ చూసేది, నేను ఇటు రోడ్డు చూసేవాణ్ణి. మధ్యలో ఎవరో పాడుతుండేవారు. మేం మాట్లాడుకోవడం మానేశామన్న సంగతి కూడా ఆ పాట మాకు తెలియనివ్వలేదు. ఓ సాయంత్రం ఆవిడ ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. అంతలో కొత్త పాట మొదలైంది. నోరు మూసేసుకుంది. ఏం చెప్పబోయిందో నాకిప్పటికీ తెలీదు. ఆ ఆదివారమే, కారు కడుగుతానని కిందికొచ్చి బ్లేడు పెట్టాను."

"మరిప్పుడు?"

"ఇప్పుడు రోజూ పోట్లాడుతుంది, కొత్తది కొనమని. కొనను అంటాను. ఇల్లు చేరేదాకా పోట్లాడుతూనే ఉంటుంది." ఆయన మొదటిసారి నవ్వాడు. "మీరు హారన్ ఒక్కటీ చూడండి. ఆవిడ అడిగితే, పాతది బాగవుతుంది గానీ సామాను రావాలని చెప్పండి. నా ప్రాణం ఉండగా ఆ వైరు కలవనివ్వను."

"అలాగే సార్," అన్నాడు ఎలక్ట్రీషియన్. కానీ తెగిన వైరు కళ్ళ ముందుంటే అతని చెయ్యి ఊరుకోదు. రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుని ఒక్కసారి ఆనించాడు. స్టీరియోలో పచ్చలైటు వెలిగింది.

"ఆపండి! ఆవిడ వింటుంది!" ఆయన కంగారుగా గుమ్మం వైపు చూశాడు.

ఏమీ వినపడలేదు. ఎలక్ట్రీషియన్ రెండో చేత్తో సౌండు పూర్తిగా పెంచాడు. చిన్న గరగర కూడా లేదు.

"ఇదేమిటి? లైటొచ్చింది, సౌండు రావడం లేదు!" అతను వైరు కొసలు వదిలేసి, వెనక స్పీకర్లకి పోయే తీగలజతను తడుముకుంటూ వెళ్ళాడు. అది డాష్‌బోర్డు కిందనుంచి ఎడమకి తిరిగి, ఆవిడ కూర్చునే సీటు ముందు, కాళ్ళ కింద వేసే మ్యాట్ అడుగుకి దూరింది. మ్యాట్ ఎత్తాడు.

"సార్, వీటినీ మీరే కోశారా?"

"లేదే! నేను కోసింది ఎర్ర వైరు ఒక్కటే," అంటూ ఆయన ఈసారి వంగి చూశాడు.

తెగిన తీగల కొసలు ఒకదానికొకటి తగలకుండా, దేనికది విడిగా, ఊదారంగు దారంతో చుట్టి ముడేసి ఉన్నాయి.