రెండో కుర్చీ

చర్చి వెనక హాల్లో రెండు కుర్చీలు వేశారు. మొదటి కుర్చీ ముందు క్యూ గుమ్మం దాటి మెట్ల మీదకి పోయింది. రెండో కుర్చీ ముందు ఎవరూ లేరు. దాని వెనక కత్తెర పట్టుకుని సర్వేయరు గారు నిలబడి ఉన్నారు.

నెలకోసారి ఆ హాల్లో నిలువనీడ లేనివాళ్లకీ, పని దొరకనివాళ్లకీ ఉచితంగా జుట్టు కత్తిరిస్తారు. మొదటి కుర్చీ బ్యూటీ పార్లరు నడిపే ఆవిడది. చెయ్యి తిరిగిన మనిషి. రెండోది సర్వేయరు గారు పట్టుబట్టి వేయించుకున్నది.

రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి కొలవడానికి ఏమీ మిగల్లేదు. కర్టెన్లు కొలిచారు, అలమరాలు కొలిచారు. చివరికి ఓ రోజు భార్య బట్టలు ఆరేస్తుంటే, క్లిప్పుకీ క్లిప్పుకీ మధ్య దూరం సమానంగా లేదన్నారు. ఆ సాయంత్రమే ఆవిడ పాస్టరు గారి దగ్గరికెళ్లి, ఈ మనిషికి ఏదో ఒక సేవ అప్పగించమని బతిమాలుకుంది.

జిల్లాల హద్దులు గీసినవాణ్ణి, చెవి చుట్టూ గీత గీయలేనా అని ఆయన ధీమా. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మొదటి రోజు తాళం తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు.

గీయలేకపోయారు. మొదట కూర్చున్నవాడి తలని ఎడమ పక్క సరిచేసి, దానికి తగ్గట్టు కుడి పక్క సరిచేసి, చివరికి సరిచేయడానికి ఏమీ లేకుండా చేశారు. రెండోవాడి చెవికి గాటు పడింది. మూడోవాడు మెడకి కట్టిన గుడ్డతో సహా లేచి, బతుకుజీవుడా అని పక్క క్యూలోకి పోయాడు.

ఆ రోజు ఇంటికెళ్లి ఆయనే భార్యతో అన్నారు. "నేను గీసిన హద్దుల మీద కోర్టులో అన్నేళ్లు కేసులెందుకు నడిచాయో ఇవాళ అర్థమైందే."

మరుసటి నెల పాస్టరు గారు మెత్తగా, టీ పోసే చోట ఓ మనిషి కావాలన్నారు. సర్వేయరు గారికి విషయం తెలిసిపోయింది. పైకి నవ్వేశారు గానీ లోపల కలుక్కుమంది. ఒకప్పుడు ఆయన కొలత గొలుసు పట్టుకుని పొలంలోకి దిగితే ఊరంతా వెనక నడిచేది. ఇప్పుడు ఊరికే చేస్తానన్నా ఒక్క తల దొరకడం లేదు.

"ఇంకొక్క నెల చూడండి. ఎవరూ కూర్చోకపోతే నేనే టీ దగ్గరికి పోతాను," అన్నారు.

పాస్టరు గారు కాసేపు ఆలోచించి సరేనన్నారు.

ఆ పై నెలలోనే టోపీ మనిషి వచ్చాడు. వెలిసిపోయిన చొక్కా, చెవులదాకా లాగిన టోపీ. క్యూ వైపు చూడనైనా చూడకుండా నేరుగా రెండో కుర్చీలో కూర్చుని, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. సర్వేయరు గారు గబగబా అతని మెడకి గుడ్డ కట్టారు. తన చెయ్యి కాస్త నిదానమని ముందే ఒప్పేసుకున్నారు.

"ఎంతసేపైనా పర్లేదు సార్. నిదానంగానే కానివ్వండి," అన్నాడతను.

పొద్దున కూర్చున్నవాడు హాలు ఊడ్చే వేళకి లేచాడు. అద్దంలో చూసుకుని గుటక మింగి, బాగుందని చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్లాడు. తర్వాతి నెల మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. సర్వేయరు గారు ఓ వింత గమనించారు. తను కత్తిరించిన రోజు ఎగుడుదిగుడుగా ఉన్న జుట్టు, నెల తిరిగేసరికి చక్కగా కుదురుకుని వస్తోంది.

"నాది పెరిగేకొద్దీ అందమొచ్చే కటింగు," అని భార్యకి చెప్పారు. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

అంత ఓపిక అతనికి కష్టాలే నేర్పి ఉంటాయని ఆయనకి జాలి. చలి ముదిరాక తన మంచి స్వెట్టరు తెచ్చిచ్చారు. అతను తటపటాయించి తీసుకున్నాడు. తర్వాతి నెల ఆ స్వెట్టరు పక్క క్యూలో ఓ ముసలాయన ఒంటి మీద కనిపించింది. సర్వేయరు గారి కళ్లు చెమర్చాయి. తనకే గతి లేకపోయినా ఇంకొకరికి ఇచ్చాడంటే ఎంత గొప్పవాడో అనుకున్నారు.

అలాంటివాడి తల పాడుచేయకూడదని ఇంట్లో చీపురు మీద సాధన మొదలెట్టారు. చీపుళ్లన్నీ పొట్టివైపోయాయి. భార్య ఏమన్నా ఆయన పట్టించుకోలేదు. లోకంలో ఒక్కడికైనా తను కావాలి, అది చాలు.

ఈ నెల పార్లరు ఆవిడకి జ్వరం వచ్చింది. మొదటి కుర్చీ ఖాళీ. మర్నాడు ఏదో ఫ్యాక్టరీలో మనుషుల్ని పనిలోకి తీసుకుంటున్నారట, తల బాగుచేయించుకుని పోదామని వచ్చినవాళ్లతో హాలు కిక్కిరిసింది. రెండో కుర్చీలో టోపీ మనిషికి సగం తల అయింది. పాస్టరు గారికి ఏం చేయాలో పాలుపోలేదు.

సర్వేయరు గారు చొక్కా చేతులు పైకి మడిచారు. ఇన్నాళ్లకి ఇంతమందికి తన అవసరం పడింది. ఛాతీ పొంగింది.

"కంగారుపడకండి పాస్టరు గారూ. గుడ్డికన్నా మెల్ల నయం కదా, నేనున్నాను," అని క్యూ వైపు తిరిగి నవ్వారు.

క్యూలో మొదటివాడు మర్యాదగా రెండోవాడికి దారిచ్చాడు. రెండోవాడు మూడోవాడికిచ్చాడు. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే గుమ్మం వైపు జరగసాగారు.

అది చూసి పాస్టరు గారు గబగబా వచ్చి, సర్వేయరు గారి చేతిలోని కత్తెరని మెల్లగా తీసుకుని, కుర్చీలో కూర్చున్న మనిషి చేతిలో పెట్టి, "ఇన్ని నెలలూ నీ సెలూన్ మూసుకుని వచ్చి, నీ తల అడ్డేసి అందర్నీ కాపాడావు గానీ అన్నా, ఇవాళ్టికి లేచి నీ పని నువ్వు చెయ్యక తప్పదు," అన్నారు.