సరదా వేట

గరికిన ఎల్లాజీ నలభై ఏళ్లుగా తెప్ప మీద వేటకు పోతున్నవాడు. మూడు నెలలు వరసగా చేపలు తక్కువ పడేసరికి, తెప్పకు బిగించిన సర్కారు పెట్టె అతని లైసెన్సును తనంతట తానే మార్చేసింది. ఇప్పుడతను కాగితాల్లో సరదాకు గాలం వేసేవాడు. సరదా వేటగాళ్లు పట్టిన చేపతో ఫొటో దిగి, దాన్ని మళ్లీ సముద్రంలో వదిలేయాలి.

ఆ ఉదయం ఎల్లాజీ గాలానికి చేయంత కోనం చేప పడింది.

"అభినందనలు! చేపను పైకెత్తి నవ్వండి," అంది పెట్టె.

"నవ్వాలా? ఇంట్లో పొయ్యి ఎలగక రెండ్రోజులైపోనాది!" అని అరిచాడు ఎల్లాజీ.

చేపను వదలకపోయేసరికి పెట్టె మోటారును ఆపేసింది. అతను తెడ్డు వేసుకుంటూ మధ్యాహ్నానికి ఒడ్డు చేరాడు. భార్య దేవుడమ్మ పరుగున వచ్చి చేపను తట్టలో వేసుకుంది. వెనకాలే, పెట్టె పంపిన కబురు అందుకుని లైసెన్సుల అధికారిణి వచ్చింది.

"పొరపాటున తెచ్చానని చెప్పు తాతా, మందలించి వదిలేస్తాను. దొంగవేట అని రాస్తే నీకింక లైసెన్సే రాదు," అంది ఆమె జాలిగా.

ఎల్లాజీకి ఒళ్లు మండిపోయింది. గాలపు తాడు కోసిన అరచేతులు ఆమె ముందుకు చాపాడు.

"ఇది సరదాయేటమ్మా? మా అయ్య ఈ నీటిలోనే పోనాడు. ఆడూ సరదాకే పోనాడా? దొంగేటనే రాయి. దొంగతనమైనా పనే గదా!"

ఆమె తల దించుకుని రాసింది. ఎల్లాజీ వేలిముద్ర గట్టిగా నొక్కాడు. దేవుడమ్మ తట్ట నెత్తికెత్తుకుని, "కోనమమ్మా, కోనం!" అని ఊరంతా వినబడేలా కేకేస్తూ నడిచింది.