కొంగున తాళంచెవి

"పొద్దున్నుంచి ఇది ఎనిమిదోసారి. తాళంచెవి ఇయ్యను పో" అంది యశోదమ్మ, తన గడపలో అడ్డంగా కూర్చుని.

కమలాక్షి కడుపు పట్టుకుని మెట్టు కింద నిలబడింది. ధర్మవరంలో మగ్గం నేసే ఆరు కుటుంబాలు ఆ వాకిట్లో అద్దెకున్నాయి. అందరికీ కలిపి మరుగుదొడ్లు రెండే. కరోనా మొదలైన నాడే ఇంటి ఓనరు యశోదమ్మ రెండింటికీ తాళాలేసి, తాళంచెవులు కొంగున కట్టుకుంది.

"అక్కా, నాలుగేండ్ల నుంచి నా పెద్దపేగులో పుండ్లుండాయి. ఇది అంటుకునే రోగం కాదు."

"కరోనాకి గూడా బేదులైతాయంట. టీవీలో చెప్పినారు. నువ్వు పోయిన దాంట్లోకే పోయి మేమూ చావల్లనా?"

డాక్టరు రాసిన కాగితాలు చూపించబోతే, వాటికీ కరోనా ఉంటుందని యశోదమ్మ చేయి వెనక్కి లాక్కుంది. ఎద్దు పుండు కాకికి ముద్దా? మిగతావాళ్లు తలుపు సందుల్లోంచి చూస్తూ ఊరుకున్నారు. చివరికి తాళంచెవి నేలమీదికి విసిరేసింది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. కమలాక్షి చీర మార్చుకోవడానికి ఇంట్లోకి నడిచింది.

తలుపేసుకుని చీర ఉతుకుతూ, ఈ బతుకు కంటే చావే నయమనుకుంది. ఆ వారంలో అలా అనుకోవడం మూడోసారి. బస్సుల్లేక అనంతపురం నుంచి రావాల్సిన మందులు ఆగిపోయాయి. పగటిపూట అన్నం మానేసినా లాభం లేదు. మగ్గం గుంతలోంచి ఆమె లేచినప్పుడల్లా పక్కనున్న మొగుడు శివకృష్ణ కూడా విసుక్కుంటున్నాడు.

మర్నాడు యశోదమ్మ ఫోన్ చేస్తే, నర్సు నాగలక్ష్మి పరీక్ష చేయడానికి వచ్చింది. కమలాక్షి ఒక్కదానికే చేయమని యశోదమ్మ పట్టుబట్టింది. వాకిట్లో అందరికీ చేయాల్సిందే అంది నాగలక్ష్మి. పాజిటివ్ వచ్చినవాళ్లకు పద్నాలుగు రోజులు ఒక మరుగుదొడ్డి వదిలేయాలని, దాని తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలని, మిగతా అందరూ రెండోదానికే పోవాలని, ఇందులో ఎవరి పెత్తనమూ చెల్లదని కూడా చెప్పింది.

అంతదాకా పరీక్ష వద్దని మొండికేసిన కమలాక్షి పోయి, వరుసలో అందరికంటే ముందు నిలబడింది.

"ఏమి, అంత తొందరగా పోతాండావు?" అన్నాడు శివకృష్ణ.

ఆమె అప్పటికే నర్సు ముందు తల పైకెత్తింది. ఫలితాలు వచ్చేదాకా మూడు రోజులూ దేవుడి పటానికి దండం పెడుతూనే ఉంది.

వాకిట్లో అందరిలోకీ ఒక్క యశోదమ్మకే పాజిటివ్. నాగలక్ష్మి ఒక తాళంచెవి ఆమె కొంగుకే ఉంచి, రెండోదాన్ని గోడమేకుకు తగిలించి పోయింది. మిగిలిన ఇరవై ఆరు మందికీ ఒకటే మరుగుదొడ్డి. అప్పుడే దాని ముందు నలుగురు బకెట్లు పట్టుకుని నిలబడ్డారు.

కమలాక్షి కూలబడి ఏడ్చింది. గండం గడిచిందని ఏడుస్తోందనుకున్నారు అందరూ.

"ఇంగ పోయి ఆ యశోదమ్మను నీ నోటికొచ్చినట్ల తిట్టు" అన్నాడు శివకృష్ణ.

కమలాక్షి కళ్లు తుడుచుకుని నేరుగా యశోదమ్మ గడప దగ్గరికి నడిచింది. తిడుతుందో కొడుతుందో అని వాకిలంతా చూస్తోంది. యశోదమ్మ భయపడి వెనక్కి జరిగింది. కమలాక్షి ఆమె కొంగునున్న తాళంచెవిని ఒకసారి చూసింది. తన మాస్కు కిందికి లాగి, మొహం ముందుకు చాపింది.

"అక్కా, ఒక్కసారి నా మొగం మీద దగ్గు."