ఓడకు సర్దిన సామాను

"ఓడలో తువ్వాళ్లు వాళ్లే ఇస్తారు. ఈ పాత గుడ్డ ఎందుకు?" అన్నాడు ఫణిభూషణ్.

బాలాత్రిపురసుందరి చిరిగిన అంచుకు పచ్చదారంతో కుట్టువేసిన ఆ తువ్వాలును మడిచి పెట్టె అడుగున పెట్టింది.

మంచం మీద భర్త కొన్న సరంజామా అంతా పరిచి ఉంది. కొత్త డిజిటల్ కెమెరా, ఛార్జరు, ఏ దేశపు ప్లగ్గుకైనా సరిపోయే అడాప్టరు, పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, టార్చి, కెమెరా తడవకుండా ఓ ప్లాస్టిక్ సంచి. అమ్మకాలు బాగా చేసినవాళ్లను కంపెనీ ఇంటిల్లిపాదితో సహా సింగపూర్ నుంచి ఓడలో తిప్పుతోంది. శామీర్‌పేట దగ్గరి ఆ కొత్త కాలనీలో ఓడెక్కబోయే మొదటి కుటుంబం తమదే. ఫణిభూషణ్‌కు కాళ్లు నేలమీద ఆనడం లేదు.

సుందరికి మాత్రం నీళ్లంటేనే గుండె దడ.

రెండేళ్ల క్రితం వనభోజనాలకని శామీర్‌పేట చెరువుకు వెళ్లారు. పెద్దవాళ్లంతా వంట హడావిడిలో ఉండగా కూతురు సహస్ర బండ మీంచి జారి నీళ్లలో పడింది. కేకలు విని వీళ్లు పరుగెత్తేసరికే ఎవరో దూకి పిల్లను ఒడ్డున పడుకోబెట్టి, నీళ్లు కక్కించి, తన తువ్వాలు కప్పి వెళ్లిపోతున్నాడు. జనంలో కలిసిపోతున్న ఒక తడిసిన వీపు తప్ప సుందరి ఏమీ చూడలేదు. ఎంత వెతికించినా మనిషి దొరకలేదు. ఆయనకు పెట్టాలని కొన్న పంచెల చాపు బీరువాలో అలాగే ఉండిపోయింది.

"ఇది వెంట ఉంటే ఆయన ఉన్నట్టే నాకు," అంది చివరికి.

ఫణిభూషణ్ కెమెరా ఎలా పనిచేస్తుందో చూద్దామని వాకిట్లోకి వచ్చాడు.

సహస్ర ఆడుకుంటోంది. గేటు అవతల ఎవరో ముసలాయన నిలబడి పిల్లనే చూస్తున్నాడు.

"ఎవరు కావాలి?"

"ఎవలు లేదు సారూ. గీ తొవ్వల వోతున్న. మొన్న బిడ్డ ఇస్కూలు బస్సు ఎక్కంగ సూసిన. మంచిగున్నదా?"

ఫణిభూషణ్‌కు ఒళ్లు మండింది. స్కూలు బస్సు దగ్గర పిల్లను చూసి ఇల్లు వెతుక్కుంటూ వస్తాడా?

"నీకెందుకయ్యా?"

"ఊకెనే సారూ. బిడ్డతోని నాకొక్క ఫోటో తియ్యరాదుండ్రి."

వద్దనేలోపే సహస్ర వెళ్లి ఆయన పక్కన నిలబడింది. పిల్ల ముందు గొడవెందుకని ఒక్కటి తీశాడు. కెమెరా వెనక చిన్న తెరలో పిల్ల పక్కన తన ముఖం చూసుకుని ముసలాయన మురిసిపోయాడు.

"మేం ఓడలో వెళ్తున్నాం తాతా! సముద్రంలో!" అంది సహస్ర.

ఆయన ముఖంలో నవ్వు మాయమైంది.

"నీళ్లకాడ అమ్మ చెయ్యి ఇడవకు బిడ్డా," అన్నాడు. ఫణిభూషణ్ వైపు తిరిగి, "వచ్చినంక గా ఫోటో కడిగిస్తరా సారూ? బస్టాండ్ల మొగులయ్య అని అడిగితే ఎవలన్న జెప్తరు."

"చూద్దాంలే," అని గేటు గడియ పెట్టాడు.

"ఎవరండీ?" లోపలి నుంచి అడిగింది సుందరి.

"ఎవరో పనీపాటా లేనివాడు."

ఓడలో ఒక సాయంత్రం ముగ్గురూ పైఅంతస్తులో ఉన్నారు. సముద్రం ఎర్రబడుతోంది. గాలికి వణుకుతున్న సహస్రకు సుందరి ఆ పాత తువ్వాలు కప్పి దగ్గరికి పొదువుకుంది. ఫణిభూషణ్ కెమెరా ఎత్తాడు.

కార్డు నిండిపోయింది.

పెట్టెడు వైర్లు మోసుకొచ్చిన పెద్దమనిషి ఇంకో మెమరీ కార్డు మాత్రం మరచిపోయాడు. విసుక్కుంటూ పాత ఫోటోలు వెనక్కి జరిపాడు. ఏది తీసేయాలన్నా ప్రాణం ఒప్పలేదు, ఒక్కటి తప్ప.

"నాన్నా, అది తాత ఫోటో!"

"ఆయనెవరో మనకేం తెలుసమ్మా?" అంటూ మీట నొక్కేశాడు.

తిరిగొచ్చిన మర్నాడు సుందరి బట్టలుతికి గేటు పక్క తీగమీద ఆరేస్తోంది. అవతల ఒకావిడ వచ్చి నిలబడింది.

"సారున్నడా అమ్మా? నేను మొగులయ్య చెల్లెను, యాదవ్వను."

"లోపలికి రండి."

"రానమ్మా, మైల ఉన్నది. మా అన్న కాలం జేసిండు. వదినె బయటికి రావద్దు గదా, అందుకే నేనొచ్చిన."

మాటలు విని ఫణిభూషణ్ బయటికి వచ్చాడు.

"ఎల్లుండి దినాలు సారూ. పటానికి దండెయ్యాలె. రేషన్ కార్డు మీద మొఖమే తెలుస్తలేదు. మీరు ఫోటో దీసిండ్రని అన్న జెప్పిండు."

ఫణిభూషణ్ వెనకే వచ్చిన సహస్ర తండ్రి ముఖంలోకే చూస్తోంది.

"అది... పోయిందమ్మా," అన్నాడు.

యాదవ్వ కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

"పోనియ్యి సారూ. మంచంల వడ్డంక గూడ, ఓడకు వోయిన బిడ్డ మంచిగ మర్లొచ్చిందా అని ఒక్కతీరుగ అడిగిండు. గా బిడ్డ నీకేమైతదే అంటే జెప్పలె."

సిగ్గుతో అతని తల వాలిపోయింది. ఒక మనిషి ఆఖరి ముఖాన్ని తన చేత్తోనే చెరిపేశాడు. ఏం చేస్తే అది తిరిగొస్తుంది?

వెళ్లబోతూ యాదవ్వ ఆగింది. సుందరి చేతిలో, తీగమీద వేయబోతున్న తువ్వాలు అంచు వైపు వేలు చూపింది.

"గీ పచ్చదారం కుట్టు నేనేసిందే. గిది మీకాడికెట్లొచ్చెనమ్మా? శామీర్‌పేట చెరువుకాడ ఎవల్దో మునిగిన బిడ్డను దీసి, సలిపెడ్తదని కప్పొచ్చిన్నని అన్నడు మా అన్న."