గండయ్య గొంతు

“అర్హత మీకు లేదండీ. మీ నాన్నగారికి ఉంది,” అన్నాడు రాంచందర్, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

దయాకర్ చేతిలో చాయ్ గ్లాసు నోటి దాకా రాకుండానే ఆగింది. “బాపు చనిపోయి మూడేండ్లు దాటింది సార్.”

చిట్యాలలో హైవే పక్కనున్న దయాకర్ వాళ్ల ఇక్కత్ చీరల నేత షెడ్డును చూసి పోవడానికి రాంచందర్ పొద్దున్నే హైదరాబాద్ నుంచి వచ్చాడు. వ్యాపారవేత్తగా కెనడా వెళ్లాలంటే, ఇక్కడి వ్యాపారాన్ని దయాకర్ స్వయంగా నడిపినట్టు తేలాలి. వీసా సంస్థ తరఫున అది తేల్చడమే రాంచందర్ పని. ఆయన అవునంటే చలికాలానికల్లా దయాకర్, అతని భార్య సంధ్య టొరంటోలో ఉంటారు. కాదంటే ఆ దారి మూసుకుపోయినట్టే. పెళ్లయి రెండు నెలలైనా కాని సంధ్య, మంచులో నిలబడి ఫోటో దిగడానికి ఎర్రచీర ఒకటి అప్పుడే విడిగా దాచుకుంది.

“విజయవాడలో మీ చీరలు కొనే షాపాయనతో నిన్న మాట్లాడాను,” అన్నాడు రాంచందర్. “పోయిన వారమే మీ నాన్న గండయ్య గారు ఫోన్లో ధర ఖాయం చేశారట. దయాకర్ ఎవరని అడిగితే, పార్సిళ్లు కట్టే అబ్బాయేమో అన్నాడు.”

సంధ్య పక్కున నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దయాకర్ నవ్వలేదు.

“అది నేనే సార్.”

“పార్సిళ్లు కట్టేదా?”

“గండయ్య.”

రాంచందర్ ఈసారి తల ఎత్తాడు.

“బాపు దినాలు గాకముందే ఫోనొచ్చింది,” అన్నాడు దయాకర్. “గండయ్య ఉన్నడా అన్నరు. లేడని చెప్దామని నోరు తెరిస్తే బాపు గొంతొచ్చింది. ఎట్లొచ్చిందో నాకే తెల్వదు. ఆర్డర్ ఆగలే. గప్పటిసంది గట్లనే నడుస్తాంది.”

“నన్ను నమ్మమంటారా?”

దయాకర్ లేచి గోడవైపు తిరిగాడు. ఒకసారి దగ్గాడు.

“ఎవలూ? గండయ్యనే. ధర తగ్గదు సేటూ. నచ్చితె తీస్కో, లేకుంటె ఫోన్ పెట్టెయ్.”

అరవై దాటిన మనిషి గొంతు. బొంగురుగా, ఆఖరి మాట దగ్గర ఊపిరి అందనట్టుగా ఉంది. షెడ్డులో మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. సంధ్య చేతుల మీద రోమాలు లేచాయి. చనిపోయిన మామను ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూసినట్టే అనిపించింది.

కాసేపటికి మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. దయాకర్ నీళ్లు తాగి కూర్చున్నాడు. “గీ గొంతు తీసినప్పుడల్లా నోట్లె బీడీ వాసనొస్తది సార్. నాకు బీడీ అలవాటే లేదు.”

రాంచందర్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. “సరే. అమ్మకాలు మీవే అనుకుందాం. ఇంకొకటి ఉంది. ఏ మగ్గం మీద ఏం నేయాలి, ఏ రంగు వాడాలి, రోజూ ఎవరు చెబుతారు?”

“మా లింగయ్య కాక చూసుకుంటడు. బాపు కాలం నుంచి ఉన్నడు.”

“అయితే సగం వ్యాపారం ఆయన నడుపుతున్నట్టే. సగానికి అర్హత ఇవ్వరండీ.”

సంధ్య ముఖం వాడిపోయింది. రాంచందర్ షెడ్డు గుమ్మం దాకా వెళ్లి, లోపల అందరికన్నా పెద్దవాడిగా కనిపించిన నేతగాణ్ని పిలిచాడు. “లింగయ్య గారూ, రోజూ పని చెప్పేది మీరేనా?”

లింగయ్య చేతిలో దారం చుట్టిన నాడెతోనే బయటికొచ్చాడు. “నేనెందుకు చెప్త సార్? మా దయాకరే చెప్తడు. చీకటుండంగనే వచ్చి, గా కిటికీ అవుతల నిలబడి, వాళ్ల బాపు గొంతుతోని. నీలం ఎక్కువైంది, గీ అంచు ఇప్పుండ్రి అని తిడ్తడు గూడ. ఫోన్ల గా గొంతు తీస్తడని మాకు ఎర్కనే. లోపల్లోపల నవ్వుకుంటం. కని గా గొంతినంగనే చేతులు వాటంతటవే ఆడ్తయి.”

“ఈరోజు కూడానా?”

“గీ పొద్దు గూడ. పట్నం నుంచి సారొస్తడు, జాగ మంచిగ ఊడ్వుండ్రని చెప్పి పాయె.”

రాంచందర్ వెనక్కి తిరిగాడు. “మరి ఇందాక ఈయన చూసుకుంటాడన్నారు?”

దయాకర్ ఆ కిటికీ వైపు చూశాడు. అవతల ఎండ, ఎండలో గడ్డి. అంతే.

“నేనే సార్,” అన్నాడు. “పెద్దమనిషి ఉండంగ నా గొప్ప నేను చెప్పుకోవద్దని…”

“బాగుంది. ఇక అనుమానం లేదు,” రాంచందర్ ల్యాప్‌టాప్ మూసేశాడు. “ఈ వ్యాపారం మొత్తం నడిపేది మీరే. అర్హత ఉందని రాస్తున్నాను.” చేయి కలిపాడు. దయాకర్ చేయి మంచుముద్దలా తగిలింది. సంబరం ఎక్కువై ఉంటుందనుకుని ఆయన కారెక్కాడు.

సంధ్యకు కాలు నిలవలేదు. గుమ్మంలో ఉన్న లింగయ్య దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లింది. “చీకటుండంగనే అంటె ఎప్పుడు మామా? నాకైతె ఒక్కనాడూ చెప్పలే.”

“తొలికోడి కూసే యాళ్లకు బిడ్డా. పెండ్లైనంక గూడ ఒక్కపూట తప్పలే.”

ఆమె నవ్వు ముఖం మీదే నిలిచిపోయింది.

“గదేంది మామా, పెండ్లైన కాన్నుంచి ఈయన తెల్లారేదాక నా కొంగు కిందేసుకొనే పండుకుంటడు, లేద్దామంటే నన్నే లేవనియ్యడు.”