ఉలవలు మానేసిన ఎద్దు

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. తప్పులుంటే ఏమనుకోకండి.

బండలాగుడు పందేలు అయిపోయాక పుల్లెద్దుకి కొవ్వు పట్టింది. సన్నబడాలని ఉలవలు తినడం మానేసింది.

"ఒరేయ్, తవుడు తగ్గించు, ఉలవలు మానకు. రోజూ నాతో దుక్కికి రా," అంది దాని జోడు కర్రెద్దు.

"నా వాటా కూడా నువ్వే మెక్కు బావా!" అని నవ్వింది పుల్లెద్దు.

మళ్ళీ పందేలొచ్చాయి. పుల్లెద్దు సన్నగానే ఉంది. కానీ కొవ్వుతో పాటు కండా కరిగిపోయింది. బండ కదలకముందే కూలబడింది. కర్రెద్దు ఒక్కటే ఎంతని లాగుతుంది?

ఆ సాయంత్రమే కర్రెద్దుని వేరే ఎద్దుకి జోడు కట్టి తోలుకుపోయారు.

"ఇకనుంచి తింటాను బావా, పోకు!" అని పుల్లెద్దు అరుస్తూనే ఉంది. కర్రెద్దు మలుపు దాకా వెనక్కి చూస్తూనే పోయింది.

పరుగు పందేల కోసం మా అమ్మాయి పావని తిండి మానేసింది. నోటితో చెప్పలేక ఈ ఎద్దుల కథ రాశాను. తెల్లారి ఉలవగుగ్గిళ్ళు ఉడకబెట్టి, గిన్నె పక్కన ఆ కాగితం పెట్టాను.