నీలం బిళ్ళ

"కుళాయి మీద ఎర్ర బిళ్ళ వేన్నీళ్ళకి, నీలం బిళ్ళ చన్నీళ్ళకి. ఎవరింట్లోనైనా అంతే కదా నాన్నా! రెండూ పీకి అటుదిటు ఎందుకు అంటించారు?"

కొడుకు అలా అడగడం పొద్దుట్నుంచీ ఇది మూడోసారి. కోడలు బొబ్బలెక్కిన చేతికి మందు రాసుకుంటోంది.

"నీలమే వేడి," అన్నాడు పెద్దాయన. "కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది. తర్వాత పసుపు, ఆ తర్వాత తెలుపు. నక్షత్రాలూ అంతే. ఇంకా వేడెక్కితే నీలంగా వెలుగుతాయి."

"అది స్నానాలగది మామయ్యా, మీ అబ్జర్వేటరీ కాదు."

అబ్జర్వేటరీలో ముప్ఫై నాలుగేళ్ళు ఆయన చేసింది అదే పని. నక్షత్రం వెలుగుని రంగులుగా విడదీసి, ఏ రంగు వాటా ఎంతో చూసి, దాని ఉపరితలం ఎంత వేడిగా ఉందో తేల్చడం. ఆ లెక్కలు ఇంటికి తెస్తే భార్య సరిచూసేది.

ఆవిడ ఇప్పుడు పక్క కుర్చీలో కూర్చుని గోటికి అంటుకున్న జిగురేదో గిల్లుకుంటోంది.

"ఎర్రవి మూడు వేల డిగ్రీలు. నీలివి పాతిక వేలు దాటుతాయి," అంది పాఠం అప్పజెప్పినట్టు.

"చూశారా? అత్తయ్యకి అంకెలతో సహా గుర్తుంది. మీకు మన కుళాయి గుర్తులేదు!"

"మొన్న స్టవ్ ఆర్పలేదు. నిన్న తాళాలు ఫ్రిజ్‌లో దొరికాయి," కొడుకు గొంతు తగ్గించాడు. "అవీ మీరేనా?"

"నేనే. అన్నీ నేనే."

"ఏమ్మా, చేతికేమైంది?" అడిగింది అత్తగారు.

"ఇంకా దెప్పకండి అత్తయ్యా. పాపం, ఆయన మొహం చూడండి."

"నావల్లే కాలింది," అన్నాడు పెద్దాయన గబుక్కున.

కొడుకు నిట్టూర్చాడు. "పైకి నిక్షేపంలా ఉంటారు. అదే నాకు అంతుపట్టదు."

"వెలుగు చెప్పేది పైపొర సంగతేరా. లోపల ఏమవుతోందో దానికీ తెలీదు."

మతిమరుపు ముదిరినవాళ్ళని చూసుకునే హోం ఒకటుందని కొడుకు ఫారం తెచ్చి వారమైంది. ఆ మాట ఎత్తితే చాలు, పెద్దాయన లేచి వెళ్ళిపోయేవాడు. ఇవాళ లేవలేదు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి కొడుకు ముందు పెట్టాడు.

"నింపేశాను. సోమవారం వెళ్తాం. భార్యాభర్తలకి ఒకే గది ఇస్తారట, కనుక్కున్నాను."

కోడలు మందు డబ్బా కింద పెట్టేసింది. "మామయ్యా... కోపంలో ఏదో అన్నాం..."

"మీరేం అనలేదమ్మా. ఇంక దీనిమీద మాటలొద్దు."

"సరే, మరి అమ్మెందుకు అక్కడ?" అన్నాడు కొడుకు. "అమ్మ మా దగ్గరే ఉంటుంది."

భార్య చెయ్యి తీసుకుని పెద్దాయన తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ కిటికీలోంచి పగటి ఆకాశంకేసి చూస్తోంది.

కొడుకు మడతలు విప్పాడు.

రోగి పేరు దగ్గర అమ్మ పేరుంది.